ఉద్యోగం ఎప్పుడు మానాలి, ఎలా మానాలి: నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్ళకు

యాభై అయిదు దాటిన ప్రతి ఉద్యోగి బుర్రలోనూ ఈ ప్రశ్న తిరుగుతూనే ఉంటుంది, కానీ ఎవరితో మాట్లాడినా వయసు దగ్గర మొదలుపెట్టి వయసు దగ్గరే ఆపేస్తారు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి 2022 జనవరి నుంచి 62, పీఎఫ్ పింఛనుకు 58, ప్రైవేటు కాలేజీలోనో చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలోనో అయితే ఓనరు ఎప్పుడు చాలంటే అప్పుడు. ఇవన్నీ వేరేవాళ్ళు పెట్టిన తేదీలు. మీ తేదీ మీరు పెట్టుకోవాలంటే దానికి కొలత మీ ఇంటి నెల ఖర్చే. ఆ లెక్క తేల్చుకుని, చేతికొచ్చిన డబ్బును మొదటి ఏడాది జారిపోకుండా పట్టుకోగలిగితే మిగతావి సర్దుకుంటాయి. ఎలాగో వరసగా చెప్తాను.

ముందు, అలసట ఎక్కడిదో చూసుకోండి

"ఇక నా వల్ల కాదు" అనిపించేది పని వల్లా, పైనున్న మనిషి వల్లా, రోజూ కావలి నుంచి నెల్లూరుకు బస్సులో నిలబడి వచ్చి పోవడం వల్లా? ఇది తేలకుండా రాజీనామా రాయకండి. ప్రయాణమే కారణమైతే బదిలీతో తీరిపోవచ్చు, మోకాళ్ళ నొప్పి కారణమైతే కూర్చుని చేసే పని అడగొచ్చు. లీవు నిల్వ ఉన్నవాళ్ళు ఒక నెల రోజులు ఒకేసారి పెట్టి ఇంట్లో ఉండి చూడండి, పెళ్ళిళ్ళూ తిరపతి ప్రయాణాలూ లేని నెల చూసుకుని మరీ పెట్టండి. మొదటి వారం హాయిగానే ఉంటుంది. మూడో వారంలో మీరేం చేస్తున్నారో గమనించండి, అసలు సంగతి అక్కడ తెలుస్తుంది.

రెండోది, నోట్‌బుక్

ఈ పనిని వాయిదా వేయకండి, మొత్తం నిర్ణయం దీని మీదే నిలబడుతుంది. ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ కొని, భార్యాభర్తలిద్దరూ కూర్చుని గడిచిన ఏడాది ఖర్చు రాయండి. ఇద్దరూ అని ఎందుకంటున్నానంటే, చాలా ఇళ్ళలో మగవాళ్ళకు తెలిసేది కరెంటు బిల్లు, పెట్రోలు, ఈఎంఐ మాత్రమే. పాలు, కూరగాయలు, పనమ్మాయి జీతం, వారానికి రెండుసార్లు వచ్చే చేపలు, మొక్కులు, చుట్టాల పిల్లల చేతిలో పెట్టే డబ్బులు, ఇవన్నీ ఆవిడ లెక్క. ఎడమ పేజీలో నెలనెలా వచ్చే ఖర్చులు, కుడి పేజీలో ఏడాదికోసారి వచ్చేవి రాయండి. దెబ్బకొట్టేది కుడి పేజీయే. ఇంటి పన్ను, బండి ఇన్సూరెన్సు, ఆరోగ్య బీమా ప్రీమియం, బియ్యం బస్తాలు, సంక్రాంతికి బట్టలు, శ్రావణంలో చదివింపులు, బోరు మోటారు కాలిపోతే రిపేరు. ఆ పేజీ మొత్తాన్ని పన్నెండుతో భాగించి ఎడమ పేజీకి కలపండి.

ఒక లెక్క వేసి చూపిస్తాను. ఒంగోలులో సొంత ఇల్లున్న ఇద్దరు మనుషులు, నెల ఖర్చు 30,000. ఏడాదికోసారి వచ్చేవన్నీ కలిపి 84,000, అంటే నెలకు 7,000. మొత్తం 37,000. ఇది ఇవాళ్టి ధరల్లో. ఏటా ఆరు శాతం చొప్పున ధరలు పెరిగితే పన్నెండేళ్ళలో ఇదే ఇంటి ఖర్చు రెట్టింపవుతుంది, 58 ఏట మానేస్తే 70 వచ్చేసరికి నెలకు 74,000 కావాలి. ఈ వాక్యం మళ్ళీ ఒకసారి చదవండి. ఇంట్లో బాగా లెక్క తెలిసినవాళ్ళు కూడా దీన్ని వదిలేస్తారు.

ఇప్పుడు ఎదురుగా రాబడి రాయండి. పీఎఫ్ పింఛను మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. మామూలు లెక్కలో జీతం ఎంతున్నా 15,000 దగ్గరే ఆపుతారు, దాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు, కాబట్టి 35 ఏళ్ళు చేసినవాళ్ళకైనా 7,500 దగ్గరే ఆగిపోతుంది. పైన చెప్పిన ఇంటికి 6,000 పింఛను వస్తుందనుకుందాం. ఇంకా 31,000 కావాలి. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 30 లక్షలు వేస్తే, ఇప్పటి 8.2 శాతం వడ్డీకి మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, నెలకు 20,500 పడుతుంది. పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీములో ఇద్దరి పేరుతో 15 లక్షలు వేస్తే 7.4 శాతం చొప్పున నెలకు 9,250. రెండూ కలిపి 29,750. అంటే 45 లక్షలు పెట్టినా ఇవాళ్టి ఖర్చుకే 1,250 తక్కువ, రేపు పెరగబోయే ఖర్చుకు ఏమీ మిగల్లేదు. దానికోసం ఇంకొంత డబ్బు పక్కన పెట్టి, పదేళ్ళ దాకా ముట్టకుండా పెరగనివ్వాలి, లేదా ఇంకో రెండుమూడేళ్ళు పని చేయాలి, లేదా ఖర్చు తగ్గించాలి. ఈ మూడింట్లో ఏది మీకు వీలో నోట్‌బుక్కే చెప్తుంది.

ప్రభుత్వ వడ్డీ రేట్లు మూడు నెలలకోసారి మారొచ్చు. కానీ సీనియర్ సిటిజన్స్ స్కీములో మీరు డబ్బు వేసిన రోజు ఎంత రేటుందో అయిదేళ్ళూ అదే వస్తుంది, అది మంచి సంగతి.

బాధ్యతలు

ఇంటి లోను తీరకుండా మానొద్దు. గ్రాట్యుటీ వస్తుంది కదా దాంతో కట్టేద్దాం అనుకుంటే ఆ గ్రాట్యుటీ ఇక మీ రిటైర్మెంట్ డబ్బులో లేనట్టే, పై లెక్కలోంచి తీసేసి మళ్ళీ వేసుకోండి. అమ్మాయి పెళ్ళి ఉంటే దానికి ఎంత పెట్టాలనుకుంటున్నారో ఇవాళే ఒక అంకె రాసి విడిగా పెట్టండి. అబ్బాయి అమెరికా చదువుకు తీసుకున్న అప్పులో మీరు హామీదారు అయితే వాడు ఉద్యోగంలో కుదురుకునేదాకా మీ జీతం ఆగకూడదు. పొదలకూరులోనో కనిగిరిలోనో అమ్మానాన్నలుంటే వాళ్ళ మందుల ఖర్చు మీ నోట్‌బుక్‌లోకి రావాలి, తమ్ముడు చూసుకుంటాడులే అని వదిలేయకండి.

తేదీ పెట్టడం

ఇక్కడ కొన్ని నెలల తేడాతో చాలా మారిపోతుంది.

పీఎఫ్ పింఛను రావాలంటే కనీసం పదేళ్ళ సర్వీసు ఉండాలి, పూర్తి పింఛను 58 నిండాకే. యాభై నుంచి ముందుగా తీసుకోవచ్చు గానీ ముందున్న ప్రతి ఏడాదికీ 4 శాతం కోస్తారు, 55 ఏట తీసుకుంటే 12 శాతం తగ్గుతుంది, ఆ కోత జీవితాంతం ఉంటుంది. అదే 58 తర్వాత 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం చొప్పున పెరుగుతుంది.

గ్రాట్యుటీ లెక్క: చివరి బేసిక్, డీఏ కలిపి పదిహేనుతో గుణించి 26తో భాగించి, సర్వీసు ఏళ్ళతో గుణించాలి. 40,000 బేసిక్, డీఏతో 28 ఏళ్ళు చేస్తే సుమారు 6,46,000. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కేస్తారు. అంటే 27 ఏళ్ళ 5 నెలలకు మానితే 27, ఇంకో రెండు నెలలు ఆగితే 28. జీతానికి తోడు ఆ రెండు నెలలు మీకు ఇరవై మూడు వేలు అదనంగా ఇస్తాయి, తేదీ వేసేముందు ఒకసారి వేళ్ళ మీద లెక్కబెట్టుకోండి.

అరవై నిండకముందే మానేవాళ్ళు, 55 దాటి రిటైర్మెంటులోనో స్వచ్ఛందంగానో బయటికి వస్తే సీనియర్ సిటిజన్స్ స్కీములో చేరొచ్చు. అయితే రిటైర్మెంట్ డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపే వేయాలి. ఆ గడువు దాటితే అరవై వచ్చేదాకా ఆగాలి.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు 20 ఏళ్ళ అర్హమైన సర్వీసు ఉంటే మూడు నెలల నోటీసుతో స్వచ్ఛంద విరమణ ఉంది. కానీ 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్ళకు లెక్క వేరు, పక్క సీటాయన పాత పెన్షన్ ఉద్యోగి అయితే ఆయన చెప్పిన అంకెలు చూసి నిర్ణయం తీసుకోకండి.

కాగితాలు, ఏడాది ముందు నుంచే

మనవైపు ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది పేరు. ఉద్యోగంలో చేరినప్పుడు "కె. వెంకటేశ్వర్లు" అని రాసి ఉంటారు, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్కులో "రావు" అయి ఉంటుంది, పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు చివర్లో ఉంటుంది. ఒకే మనిషి నలుగురైపోతాడు. ఈ నాలుగు కాగితాలూ టేబుల్ మీద పక్కపక్కన పరిచి అక్షరం అక్షరం చూడండి, పుట్టినతేదీ కూడా. తేడా ఉంటే యాజమాన్యం ద్వారా పీఎఫ్ రికార్డు సరిచేయించుకోండి. ఉద్యోగంలో ఉండగా హెచ్ఆర్ అబ్బాయి పక్క గదిలోనే ఉంటాడు, మానేశాక అదే సంతకం కోసం ఎండలో తిరగాలి, ఈలోపు ఆ కంపెనీ మూతపడితే ఇంకా కష్టం.

పాత కంపెనీల పీఎఫ్ ఖాతాలన్నీ ఒకే యూఏఎన్ (పీఎఫ్‌లో మనిషికి ఒకటే ఉండే నంబరు) కిందికి మార్పించుకోండి. చెన్నైలో ఏడేళ్ళు, నెల్లూరులో ఎనిమిదేళ్ళు చేసినవాళ్ళు రెండూ కలపకపోతే పదేళ్ళ అర్హత ఎక్కడా నిండదు. పాత కంపెనీ మీ చివరి తేదీ నమోదు చేసిందో లేదో కూడా చూడండి. నామినీ పేరు ఆన్‌లైన్లో పెట్టండి, పెళ్ళికి ముందు అమ్మ పేరు పెట్టి అలాగే వదిలేసినవాళ్ళు చాలామంది.

ప్రభుత్వ ఉద్యోగులైతే సర్వీసు రిజిస్టరు తెప్పించుకుని ప్రతి పేజీ తిరగేయండి. ఇంక్రిమెంట్లు, లీవులు, సర్వీసు వెరిఫికేషన్ సంతకాలు, ఎక్కడ ఖాళీ ఉన్నా పెన్షన్ ప్రతిపాదన అక్కడే ఆగుతుంది.

ఆరోగ్య బీమా

కంపెనీ ఇచ్చే గ్రూపు బీమా మీ చివరి రోజుతోనే పోతుంది. సొంత పాలసీ ఉద్యోగంలో ఉండగానే తీసుకోండి, ఎందుకంటే బీపీ, షుగరు లాంటి ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ళ దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా ఆ జబ్బుకు క్లెయిమ్ రాదు. 55 ఏట తీసుకుంటే 58కి అది తీరిపోతుంది. జబ్బు దాచిపెట్టి పాలసీ తీసుకోకండి, ఏజెంట్ "రాయొద్దులే సార్" అన్నా సరే రాయించండి, క్లెయిమ్ రోజున ఏజెంట్ ఫోన్ ఎత్తడు. సొంత పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు, కొంత తేలికైంది. 70 నిండినవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంది, కానీ 58కీ 70కీ మధ్య పన్నెండేళ్ళున్నాయి కదా, ఆ ఏళ్ళ బాధ్యత మీదే.

ఎక్కడ ఉండాలనేది కూడా దీనితోనే ముడిపడింది. ఉదయగిరి దగ్గర ఊళ్ళో పాత ఇల్లు బాగుచేసి ఉండాలని చాలామందికి ఉంటుంది, మంచి కోరికే. కానీ రాత్రి రెండింటికి గుండెనొప్పి వస్తే నెల్లూరు చేరడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి బండిలో వెళ్ళి చూసుకోండి. ఊళ్ళో లక్షలు పోసి కొత్త ఇల్లు కట్టేముందు ఒక వేసవి, ఒక వానాకాలం ఉన్న ఇంట్లోనే గడపండి. ఆ తర్వాత కట్టాలనిపిస్తే చిన్నది కట్టండి.

డబ్బు చేతికొచ్చాక

ఈ భాగం కోసమే ఇదంతా రాస్తున్నాను. మీ ఖాతాలో ముప్పై, నలభై లక్షలు పడ్డ వారంలోపే అది చుట్టాల్లో తెలిసిపోతుంది. అడగడానికి వచ్చేవాళ్ళు ఎక్కువమంది చెడ్డవాళ్ళు కాదు, మీ మంచి కోరే చెప్తారు. ఎక్కువగా వచ్చేవి నాలుగు.

మొదటిది రొయ్యల గుంట. "ఇందుకూరుపేట దగ్గర పదెకరాలు లీజుకు దొరికింది మావా, నువ్వు వాటా పెట్టు, ఒక్క పంట చాలు." ఆ ఒక్క పంట బాగా వచ్చినవాళ్ళు మన చుట్టూ ఉన్నారు, నిజమే. తెల్లమచ్చ వైరస్ పడి వారంలో గుంట ఖాళీ అయినవాళ్ళూ ఉన్నారు. జబ్బు రాకపోయినా ధర మన చేతిలో ఉండదు, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఇక్కడి రైతు చేసింది ఏ తప్పూ లేదు. ముప్పై ఏళ్ళుగా గుంటల మీద బతుకుతున్న మనిషి ఒక నష్టం తట్టుకుని మళ్ళీ రొయ్య పిల్ల వేస్తాడు. మీకు మళ్ళీ సంపాదించే ఏళ్ళు లేవు.

రెండోది వడ్డీకి ఇవ్వడం. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, పోస్టాఫీసు ఎనిమిది పక్కన అది చాలా తియ్యగా కనిపిస్తుంది. ప్రామిసరీ నోటుంది కదా అంటారు. ఆ నోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్ళే, ఈలోపు బాకీలో కొంత జమ కట్టించి సంతకం తీసుకోకపోతే నోటు పనికిరాదు. పైగా చుట్టం మీద కోర్టుకెళ్తారా? వెళ్ళరు. మొదటి ఏడాది వడ్డీ చక్కగా ఇస్తారు, అది చూసి మీరే ఇంకో అయిదు లక్షలు తీసుకెళ్ళి ఇస్తారు, ఆగేది ఆ తర్వాతే.

మూడోది హైవే పక్క వెంచర్లో ప్లాటు. ఇల్లు కట్టుకోవడానికైతే సరే. లేకపోతే ప్లాటు నెలకు రూపాయి ఇవ్వదు, మీకు కావలసింది నెలనెలా వచ్చే డబ్బు. కొనక తప్పదనుకుంటే లేఅవుట్‌కు నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) లేదా ఒంగోలు వైపు అయితే అక్కడి ఔడా అనుమతి ఉందా, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదైందా, ఈసీలో (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో) పాత లావాదేవీలు ఏమున్నాయి అని మీరే చూడండి, బ్రోకర్ చూపించిన జిరాక్సు చాలదు.

నాలుగోది పిల్లల వ్యాపారం. దీనికి కాదనడం అన్నిటికన్నా కష్టం. ఇవ్వాలనిపిస్తే, తిరిగి రాకపోయినా మీ నెల ఖర్చు ఆగదు అన్నంత మాత్రమే ఇవ్వండి, అప్పు అనకుండా ఇచ్చేశాననుకుని ఇవ్వండి.

దీనికి నేను చెప్పే ఉపాయం ఒక్కటే. డబ్బు పడకముందే ఎక్కడెక్కడ వేయాలో కాగితం మీద రాసిపెట్టుకోండి, పడిన వారంలో వేసేయండి. ఆరు నెలల ఖర్చు మాత్రం సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. ఎవరైనా అడిగితే "అంతా పోస్టాఫీసులో వేసేశాం రా, మూడు నెలలకోసారి వడ్డీయే చేతికొచ్చేది" అని చెప్పొచ్చు, అది నిజమే కాబట్టి ఏ మొహమాటమూ ఉండదు. బ్యాంకు డిపాజిట్లకు ఒక బ్యాంకులో ఒక మనిషికి 5 లక్షల దాకానే బీమా ఉంటుంది, అసలూ వడ్డీ కలిపి. చిన్న కోఆపరేటివ్ బ్యాంకు అర శాతం ఎక్కువిస్తుందని ఉన్నదంతా అక్కడ వేయకండి. చీటీలు వేసే అలవాటుంటే రిజిస్టరైన కంపెనీలోనే వేయండి, వీధిలో నడిపే చీటీ పాటల్లో రిటైర్మెంట్ డబ్బు పెట్టొద్దు.

ఒక్కసారిగా ఆపాల్సిన పనిలేదు

ఓపికుంటే పూర్తి ఉద్యోగం నుంచి సగం పనికి దిగడం మంచి దారి. మీ పని బాగా తెలిసిన ఓనరుకు కూడా మీరు ఒక్కసారిగా పోవడం ఇష్టం ఉండదు. ఆరు నెలల ముందే వెళ్ళి కూర్చుని, "వారానికి మూడు రోజులొస్తాను, కొత్త కుర్రాడికి పని నేర్పుతాను, ఇంత ఇవ్వండి" అని అడగండి. రోజులు, టైము, డబ్బు మూడూ కాగితం మీద ఉండాలి, లేకపోతే సగం జీతానికి పూర్తి పని చేస్తుంటారు. అకౌంట్స్ తెలిసినవాళ్ళకు ఫీడు షాపుల్లో, రైస్ మిల్లుల్లో లెక్కలు చూసే పని దొరుకుతుంది, లెక్చరర్లకు ట్యూషన్లు సరేసరి. నెలకు పదివేలు వచ్చినా దాదాపు పదిహేను లక్షల డిపాజిట్ వడ్డీతో సమానం, చిన్నచూపు చూడకండి.

ఇంట్లో

మీరు రిటైరైన రోజు నుంచి మీ ఆవిడకు పని పెరుగుతుంది. పొద్దున తొమ్మిదికి ఖాళీ అయ్యే ఇంట్లో ఇప్పుడు పదకొండింటికి టీ, ఒంటిగంటకు వేడి అన్నం, నాలుగింటికి మళ్ళీ టీ. ఆవిడ నడుము కూడా మీ వయసుదే. మానడానికి ముందే కూర్చుని ఏ పనులు మీరు తీసుకుంటున్నారో మాట్లాడుకోండి, కూరగాయలు తేవడమో, పొద్దుటి టిఫినో, గిన్నెలో, ఏదైనా పూర్తిగా మీదై ఉండాలి. సాయం చేస్తానులే అనే మాట చాలదు.

మొదటి ఏడాది గుర్తుపెట్టుకోవలసినవి

గ్రాట్యుటీ 30 రోజుల్లో ఇవ్వాలి, రాకపోతే రాతపూర్వకంగా అడగండి. సీనియర్ సిటిజన్స్ స్కీము వడ్డీ ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి నెలల మొదట్లో పడుతుంది, పెద్ద ఖర్చులు ఆ నెలలకు జరుపుకోండి. పన్ను పడేంత ఆదాయం లేకపోతే బ్యాంకులో, పోస్టాఫీసులో ఏటా ఏప్రిల్‌లోనే డిక్లరేషన్ ఇవ్వండి, లేకపోతే వడ్డీలో కోసేస్తారు. పీఎఫ్ పింఛనుకు ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, మొబైల్లో ముఖం చూపించి కూడా ఇవ్వొచ్చు. దాన్ని పిల్లలకు అప్పజెప్పకుండా మీరే చేయండి, పక్కన మీ ఆవిడను కూర్చోబెట్టుకుని చేయండి. పాస్‌బుక్కులు, పాలసీలు, పింఛను ఆర్డరు ఏ బీరువాలో ఏ ఫైల్లో ఉన్నాయో ఆవిడకు చూపించి, ఏటీఎం నుంచి ఆవిడ చేతే ఒకసారి డబ్బు తీయించండి.